చెట్టుకో బుట్ట

కిరందుల్,
జనవరి 12

ఆంటీగారికి నమస్కారాలు.

నేను అనుపమను. జగదల్‌పూర్‌లో చదివేటప్పుడు భానుశ్రీ, నేను మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. మీరు తనకోసం పంపిన నువ్వుండల్లో సగం నేనే తిన్నాను. తను పోయినప్పుడు మీ ఇంటికి వచ్చాను గానీ మీతో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను. ఆ తర్వాత రెండేళ్ళూ ఫోన్ చేయలేదు. దానికి ఒక కారణం ఉంది. ఎప్పుడైనా ధైర్యం వస్తే చెబుతాను.

ఇప్పుడు ఒక పని మీద రాస్తున్నాను. మా గనుల కాలనీలో రాజేశ్వరరావు గారని ఒక పెద్దాయన ఉన్నారు. గనిలో డ్రాయింగ్ సెక్షన్‌లో రిటైరయ్యి, పిల్లల కోసం లైబ్రరీ నడుపుతున్నారు. సాయంత్రాలు నేనూ అక్కడే ఉంటాను. లోపలి ఊళ్ళ బడులకు నలభై ఆటల పెట్టెలు పంపాలనుకున్నాం. అన్నీ కాగితం మీద గళ్ళు గీసి, బుర్ర పెట్టి విప్పే ఆటలు. ఇబ్బంది ఏమిటంటే ఒక బడిలో గోండీ, ఇంకో బడిలో దోర్లీ, ఇంకో చోట హల్బీ, పుస్తకాల్లో హిందీ. ఏ భాషలో నియమాలు రాసినా సగం మందికి అందవు. అందుకని ఒక షరతు పెట్టుకున్నాం. ఎవరూ నోరు విప్పి చెప్పకుండా, కాగితం చూసి పిల్లలు ఆడగలిగితేనే ఆ ఆట పెట్టెలోకి వస్తుంది. మార్చి ఆఖర్లో, అడవి ఊళ్ళ నుంచి వచ్చి ఆశ్రమశాల హాస్టల్లో చదివే పిల్లలతో పరీక్ష.

ఉసూర్ దగ్గర బడిలో పాఠాలు చెప్పేటప్పుడు భానుశ్రీ చెట్లతో, బుట్టలతో ఒక ఆట తయారు చేసింది. ఒక నోటుబుక్ నిండా గీసింది. ఆ ఆట మా పెట్టెలో ఉండాలని నా కోరిక. నోటుబుక్ మీ దగ్గర ఉంటే పంపగలరా?

మీ
అనుపమ


మద్దేడ్,
జనవరి 25

అనుపమకు కమలాకుమారి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నేను నాలుగో తరగతి దాకే చదివాను, అదీ భద్రాచలం దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో. తప్పులుంటే నువ్వే సర్దుకుని చదువుకో. ముందుగా ఒక మాట, నన్ను ఆంటీ అనకు. ఆంటీ అంటే నాకు బీజాపూర్ బస్టాండులో బిస్కెట్లు అమ్మే ఆవిడ గుర్తొస్తుంది. మా బిడ్డ మీ అమ్మగారిని పిన్ని అనేది కదా. నువ్వూ నన్ను పిన్ని అను.

నువ్వు ఫోన్ చేయకపోవడమే మంచిదైంది. ఫోన్లో ఎవరైనా దాని పేరెత్తితే నాకు ఏడుపే తప్ప మాట రాదు. కాగితమైతే మధ్యలో ఆగి, పొయ్యి మీద పప్పు చూసుకుని వచ్చి, మళ్ళీ రాయొచ్చు.

నోటుబుక్ ఇక్కడ లేదు. ఇల్లంతా వెతికాను.

మీ బాబాయి నరసింహులు గారు బాగానే ఉన్నారు. పొద్దున్నే దుకాణం తీస్తారు, పొద్దుపోయాక మూస్తారు. బిడ్డ పోయిన రోజు నుంచి ఆయన నోట దాని పేరు రాలేదు. ఎవరైనా పలకరిస్తే వెంటనే ఉప్పు తూచడం మొదలుపెడతారు, వాళ్ళు ఉప్పు అడగకపోయినా. అట్లా ఈ మద్దేడులో చాలామంది ఇళ్ళలో అవసరానికి మించిన ఉప్పు ఉంది.

ఆ కారణమేదో ఉందన్నావు, వీలైనప్పుడు రాయి. నువ్వుండలు పంపుతున్నాను. ఈసారి సగం కాదు, మొత్తం నీకే.

పిన్ని


కిరందుల్,
ఫిబ్రవరి 6

పిన్నిగారికి,

నువ్వుండలు మొత్తం నేను తినలేదు. రాజేశ్వరరావు గారు సంచి వాసన చూసి పట్టేశారు.

నోటుబుక్ లేదని రాశారు. పోనీ అని నాకు గుర్తున్నంత వరకు ఆ ఆట సార్‌కు చెప్పాను. ఆయన మనసు మంచిది. కానీ నియమం అనే మాట వింటే చాలు, ఆయన చేతిలోకి పెన్ను వచ్చేస్తుంది. హిందీలో పద్నాలుగు నియమాలు రాశారు, ఒకటిన్నర పేజీ. తొమ్మిదో నియమం ఏమిటంటే, ఆరో నియమంలో చెప్పిన మినహాయింపు ఏడో నియమానికి వర్తించదు అని. అది ఎందుకో పన్నెండో నియమంలో ఉంది. షరతు మనమే పెట్టుకున్నాం కదా సార్ అంటే, "ఇది పిల్లలకు కాదమ్మా, బొమ్మ వేసేవాళ్ళకు" అన్నారు. ఆ కాగితం మా వీధి పిల్లలకు ఇచ్చి చూశాను. ఒకడు దాన్ని విమానం చేశాడు. అది మాత్రం బాగా ఎగిరింది.

నోటుబుక్ లేకుండా ఆ ఆట నిలబడేలా లేదు. నీలి అట్ట, మూల మీద టీ మరక. ఇంకొక్కసారి చూడగలరా? ఇబ్బంది పెడుతున్నానేమో, క్షమించండి.

అనుపమ


మద్దేడ్,
ఫిబ్రవరి 18

అనుపమా,

నీకు అబద్ధం రాశాను. ఇల్లంతా వెతికానన్నది నిజమే, దాని ఇనప్పెట్టె ఒక్కటి తప్ప. ఆ పెట్టె ఉసూర్ నుంచి వచ్చిన రోజు మంచం కింద పెట్టాం. రెండేళ్ళుగా చీపురుతో దాని చుట్టూ ఊడుస్తున్నాను గానీ మూత ఎత్తలేదు.

మా దుకాణం అరుగు మీద సోమమ్మ అని ఒకామె కూర్చుంటుంది. దోర్లావిడ, నాకంటే పదేళ్ళు పెద్ద. చింతపండు, ఇప్పపువ్వు, ఏ కాలానికి ఏది వస్తే అది తెచ్చి అమ్ముతుంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. విని, ఆకు నములుతూ అంది, "కమలమ్మా, బిడ్డ బట్టలు చెదలు తింటే నీకు సంతోషమా ఏంది?"

"నా చేత కాదు సోమమ్మా."

"నీ చేత కాకపోతే నా చేతులున్నయి గదా. తాళం తే."

పైన వానకోటు ఉంది. దాని కింద నీలి నోటుబుక్. టీ మరక కూడా ఉంది, నువ్వు చెప్పినట్టే మూల మీద. నేను ఆ మరకనే చూస్తూ కూర్చున్నాను. సోమమ్మ పేజీలు తిప్పింది.

అందులో ఒక్క అక్షరం లేదు అనుపమా. మొత్తం బొమ్మలే. ఏ భాషలో రాయాలో తోచక రాయలేదో, రాయకూడదనే రాయలేదో. గళ్ళు, గళ్ళలో చెట్లు, వరుసల చివరా నిలువు గళ్ళ కిందా చిన్న చిన్న పిట్టలు. నాకేమీ అర్థం కాలేదు. చదువు రాని సోమమ్మే ముందు చెప్పింది, "ఇవి ఇప్పచెట్లు గదా. కొమ్మలు చూడు. ఇవి పువ్వేరే బుట్టలు." ఒక పేజీలో చెట్లు మాత్రమే ఉంటే, వెనక పేజీలో అవే చెట్లకు బుట్టలు పెట్టి ఉన్నాయి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఒక పూటంతా చూశాం. ఆ పూట దుకాణంలో ఎవరికి ఏం కావాలో వాళ్ళే తీసుకున్నారు.

మాకు తెలిసింది రాస్తున్నాను. ప్రతి చెట్టుకూ ఒక్క బుట్ట. అది చెట్టును ఆనుకుని పైనో కిందో ఈ పక్కో ఆ పక్కో ఉండాలి, మూలన కాదు. ఒక బుట్ట ఇంకో బుట్టకు తగలకూడదు, మూలతో కూడా తగలకూడదు. వరుస చివర ఎన్ని పిట్టలుంటే ఆ వరుసలో అన్ని బుట్టలు. పిట్ట లేకపోతే బుట్టే లేదు. ఇంతే.

ఇది మాట లేకుండా చెప్పడం ఎట్లా అని నువ్వు అడుగుతున్నావు. నేను రోజూ చేసే పని అదే. బాసగూడ అవతల నుంచి వచ్చేవాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు రాదు. మొన్న ఒకాయన టార్చిలైటు కొన్నాడు. సెల్లు తిరగేసి వేసి నొక్కాను, వెలగలేదు. తల అడ్డంగా ఊపాను. తీసి సరిగ్గా వేసి నొక్కాను, వెలిగింది. ఆయన నవ్వాడు, నేను నవ్వాను. సరిగ్గా ఒకసారి, తప్పుగా ఒకసారి చూపిస్తే చాలు. అట్లాగే రెండు బొమ్మలు గీశాను. ఒకటి సరైంది, టిక్కు పెట్టాను. ఇంకోటి తప్పుది, ఇంటూ మార్కు పెట్టాను.

నోటుబుక్ కూడా బస్సులో పంపుతున్నాను. దాన్ని నాకు తిరిగి ఇవ్వాలి. ఈ మాట రెండుసార్లు చదువుకో.

పిన్ని


కిరందుల్,
మార్చి 1

పిన్నీ,

రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాను. నోటుబుక్ భద్రంగా ఉంది. సార్ చేతులు కడుక్కుని వచ్చాకే ముట్టుకోనిస్తున్నాను.

మీ రెండు బొమ్మలూ మా వీధి పిల్లల ముందు పెట్టాను. సరైన బొమ్మ నచ్చింది. తప్పు బొమ్మ దగ్గరే గొడవ. అందులో ఒక బుట్ట మూలన ఉంది, రెండు బుట్టలు తగిలి ఉన్నాయి, ఒక చెట్టుకు బుట్టే లేదు. పిల్లలకు ఏది తప్పో తెలియలేదు. అమ్ము అని ఎదురింటి పిల్ల చాలాసేపు చూసి, "అక్కా, బుట్ట రంగు తప్పా?" అని అడిగింది.

పరీక్షకు ఇంకా నాలుగు వారాలున్నాయి. అంతకుముందే ఆ కారణం మీకు చెప్పేయాలి. లేకపోతే మీరు పంపే ప్రతి కాగితం నాకు బరువవుతోంది.

భానుశ్రీ ఆ నోటుబుక్ ముందుగా నాకే చూపించింది. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు, సెలవుల్లో. నేను నవ్వాను. "ఇది ఎవరికి అర్థమవుతుందే, నియమాలే నాలుగు పేజీలు రాయాలి" అన్నాను. తనూ నవ్వి, సరేలే అని పుస్తకం సంచిలో పెట్టుకుంది. మళ్ళీ చూపించలేదు. నెలన్నర తర్వాత మలేరియా తలకెక్కిందని కబురొచ్చింది. తను నాతో మాట్లాడిన చివరి మాట ఆ సరేలే.

మీకు కోపం వస్తే రాయండి. రాయకపోతేనే నాకు కష్టం.

అనుపమ


మద్దేడ్,
మార్చి 12

అనుపమా, బిడ్డా,

కోపం వచ్చింది. ఒక పూట ఉంది. సాయంత్రం గిన్నెలు తోముతుంటే నాకొక మాట గుర్తొచ్చి అది పోయింది. ఆ సెలవుల్లోనే అది మా వంటింట్లో కూర్చుని గళ్ళు గీస్తుంటే నేనేమన్నానో తెలుసా? "గళ్ళ చీర నేస్తున్నావా, అన్నానికి లే" అన్నాను. చూపించు అని అడగనైనా లేదు. నువ్వు చూసి నవ్వావు, నేను చూడకుండానే నవ్వాను. కాబట్టి నీకంటే నాదే పెద్ద తప్పు. అది ఇద్దరికీ సరేలే అనే ఉంటుంది. దాని స్వభావమే అది, అన్నం చల్లారిపోయినా సరేలే అని తినేది. నవ్వినవాళ్ళం ఇద్దరమూ కలిసి ఆ పని చేస్తున్నాం. ఇక దీని గురించి రాయకు.

ఇప్పుడు బొమ్మల సంగతి. నువ్వు రాసింది చదివి నన్ను నేనే తిట్టుకున్నాను. ఉప్పూ చక్కెరా ఒకే డబ్బాలో పోస్తానా? మూడు తప్పులు తీసుకెళ్ళి ఒకే బొమ్మలో పోశాను. ఇప్పుడు డబ్బాకు ఒకటే. ఒక చెట్టు, పక్కన ఒక బుట్ట, ఇది సరి. అదే చెట్టు, అదే బుట్ట మూలన, ఇది తప్పు. మిగతాదంతా అట్లాగే ఉండాలి, బుట్ట ఒక్కటే జరగాలి. అప్పుడు కన్ను బుట్ట మీదకే పోతుంది. మూడు సంగతులకు మూడు జతలు గీశాను. పిట్టల లెక్క సరైన బొమ్మల్లోనే కనబడుతుంది.

ఇంటూ మార్కు తీసేశాను. ఎందుకంటే సోమమ్మ మనవరాలు మంగుకు చూపించాను, తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంటూ చూసి, "ఇక్కడికి పోలియో దీదీ మళ్ళీ వస్తది" అంది. పోలియో చుక్కల రోజు పిల్లలు దొరకని ఇంటి గోడ మీద ఆ గుర్తు వేసి పోతారు కదా, మళ్ళీ రావాలని. నాకు నవ్వాగలేదు. మంగు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

అందుకని ముఖాలు పెట్టాను. సరైన బొమ్మ పక్కన సోమమ్మ నవ్వుతుంటుంది. తప్పు బొమ్మ పక్కన సోమమ్మ మూతి ముడుస్తుంది. రెండు బుట్టలు తగిలిన చోట మాత్రం సోమమ్మా, ఆమె తోడికోడలూ జుట్లు పట్టుకుంటారు. ఇది నేను కల్పించింది కాదు. ఎవరి చెట్టు వాళ్ళది, బుట్టలు ఆనుకుంటే పువ్వు కలిసిపోతుంది, ఇక ఆ ఏడాదంతా మాటలుండవు. సోమమ్మకు బొమ్మ చూపిస్తే, "నా ముక్కు ఇంత లావా?" అంది. చిన్నది చేశాను. "ఇప్పుడు ఇది నేను కాదు" అంది. మళ్ళీ పెద్దది చేశాను.

మంగు ఒక్క మాట అడగకుండా రెండు పేజీలు ఆడింది. మీ బాబాయి లెక్క చూసుకుంటున్నట్టు అటు తిరిగి కూర్చున్నారు. ఉప్పు తూచలేదు.

పిన్ని


కిరందుల్,
మార్చి 30

పిన్నీ,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న పరీక్ష జరిగింది. మన ఆట నెగ్గలేదు.

ఆశ్రమశాల నుంచి ఇరవై నాలుగు మంది వచ్చారు. సోమమ్మ ముఖం చూడగానే హాలంతా నవ్వు. జుట్లు పట్టుకునే బొమ్మ చూసి ఒకమ్మాయి బల్ల కింద దాక్కుని మరీ నవ్వింది. నాకు ధైర్యం వచ్చేసింది. తర్వాత అందరూ పెన్సిళ్ళు తీసుకున్నారు. తీసుకుని, ఎవరో చెప్పినట్టు, ప్రతి చెట్టు చుట్టూ ఉన్న గళ్ళన్నీ నల్లగా రుద్దడం మొదలుపెట్టారు. ఒక్కరు కాదు, అందరూ. చాలా శ్రద్ధగా, గీత దాటకుండా. ఒక్క బుట్టయినా పెట్టకముందే అరగంట అయిపోయింది, వాళ్ళ బస్సు వచ్చేసింది.

"రంగులు వేసే పుస్తకం అనుకున్నారమ్మా" అన్నారు సార్. ఆయనకూ బాధగానే ఉంది. కానీ షరతు షరతే. ఏప్రిల్ నెలాఖరున పెట్టెల కాగితాలు అచ్చుకు వెళతాయి. అందులో భానుశ్రీ ఆట ఉండదు.

ఒక పిల్ల నల్ల చేసిన కాగితం దీనితో పంపుతున్నాను. ఎందుకు పంపుతున్నానో నాకే తెలియదు. అంత బాగా రుద్దింది, పారేయబుద్ధి కాలేదు.

అనుపమ


మద్దేడ్,
ఏప్రిల్ 4

అనుపమా,

పొయ్యి మీద అన్నం పెట్టి రాస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టులో వేయను, ఇప్పుడొచ్చే దంతెవాడ బస్సులో పంపుతాను. ఇది అందగానే సార్ దగ్గరికి వెళ్ళు.

ఇక్కడ పువ్వు రాలుతోంది. ఊరంతా తీపి వాసన. సోమమ్మ తెల్లారకముందే చెట్ల కిందికి పోయి, ఎండెక్కాక మా అరుగు మీదకు వస్తుంది. నీ ఉత్తరం చదివి నేను మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. ఏందమ్మా అంది. ఆ నల్ల కాగితం చేతికిచ్చాను.

చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వుకు తట్టలో పువ్వు ఎగిరి పడింది.

"చెట్టు కింద సాపు చెయ్యకుండ ఎవరన్న బుట్ట పెడతరా కమలమ్మా? ఈ పిల్లలు బుద్ధిమంతులు. మీ సార్ ఎప్పుడన్న పువ్వు ఏరిండా?"

అప్పుడు నా బుర్రకు తట్టింది. నువ్వు కాలనీలో పెరిగావు, నేను దుకాణంలో ఉంటాను, సార్ డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేశారు. మన ముగ్గురిలో ఎవరమూ ఇప్పపువ్వు ఏరలేదు. పువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్ళు ఎండుటాకులు ఊడ్చి, పోగు చేసి కాలుస్తారు. నేల నల్లబడుతుంది. ఆ నలుపు మీద తెల్లటి పువ్వు ఎక్కడ పడ్డా కనబడుతుంది. అది చేయకుండా బుట్ట దించరు. మనం ఇప్పచెట్టు గీసి ఇచ్చాం, వాళ్ళు ముందు చేయాల్సిన పని ముందు చేశారు. అంతే.

ఇంకా విను. ఆ కాగితం చేతిలో పెట్టుకుని సరిగ్గా చూశాను. ఆ పిల్ల చెట్టుకు నాలుగు పక్కలే నల్ల చేసింది, మూలలు వదిలేసింది. అంటే మన మొదటి బొమ్మ దానికి అర్థమైనట్టే కదా. ఇక తెల్లగా మిగిలిన గళ్ళలో ఏ చెట్టు బుట్టా ఉండడానికి వీల్లేదు. సగం కాగితం అట్లాగే తేలిపోయింది. కాగితం మూల గడిలో ఒక చెట్టుంది, దానికి రెండే నల్ల గళ్ళు. ఒకటి దాని వరుసలోనే ఉంది, ఆ వరుసకు పిట్ట లేదు. ఇంక మిగిలింది ఒక్కటే గడి. అక్కడ బుట్ట పెట్టాను. దాని చుట్టూ ఉన్నవి కొట్టేశాను. ఇంకోటి తెలిసింది. అది కొట్టేస్తే ఇంకోటి.

అనుపమా, నాలుగో తరగతి చదివినదాన్ని, నా జన్మలో మొదటిసారి ఒక గళ్ళ లెక్క విప్పాను. అన్నం ఉడికేలోగా అయిపోయింది. నా బిడ్డ గీసిన దాన్ని నేను విప్పాను. లేచి ఎవరికి చెప్పాలో తెలియక సోమమ్మ భుజం మీద కొట్టాను.

ఆ పిల్లలు నియమాలు తెలుసుకోవడమే కాదు, ఎట్లా విప్పాలో కూడా కనిపెట్టారు. వాళ్ళకు చాలనిది టైము, తెలివి కాదు. సార్‌కు నా నమస్కారాలు చెప్పి ఒక పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టు. సోమమ్మ మాటగా ఈ మాట చెప్పు, "చెయ్యి నల్లబడకుండ పువ్వు ఇంటికి రాదు."

బస్సు హారను వినబడుతోంది. అన్నం మాడిన వాసన కూడా.

పిన్ని


కిరందుల్,
ఏప్రిల్ 13

పిన్నీ పిన్నీ,

మీ ఉత్తరం సార్ ముందు పెట్టి పెన్సిల్ ఇచ్చాను. నోటుబుక్‌లో అన్నిటికంటే కష్టమైన పేజీ ఒకటుంది. మూడు రోజులుగా ఆయన దాని మీదే ఉన్నారని, ఎవరికీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. జిరాక్స్ కాగితం తీసుకుని చెట్ల చుట్టూ రుద్దడం మొదలుపెట్టారు. డ్రాయింగ్ సెక్షన్ చెయ్యి కదా, ఆశ్రమశాల పిల్లల కంటే నీటుగా రుద్దారు. ఆయన టీ చల్లారకముందే ఆఖరి బుట్ట పడింది. నల్లబడిన వేలు చూసుకున్నారు.

మర్నాడు మిగిలిన ఇరవై మూడు కాగితాలూ పట్టుకుని తనే ఆశ్రమశాలకు వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. "వీళ్ళ పని మధ్యలో ఆపింది మనం" అన్నారు. మీకు పంపిన ఆ ఒక్క కాగితానికి బదులు కొత్తది ఇస్తే ఆ పిల్ల మళ్ళీ మొదటి నుంచి రుద్దింది, రుద్దకుండా బుట్టలు పెట్టమంటే ఒప్పుకోలేదు. ఈసారి బస్సు తొందర లేదు. ఇరవై ఒక్క మంది పూర్తి చేశారు. ఇద్దరు నీ బుట్ట నా బుట్టకు తగిలిందని నిజంగానే జుట్లు పట్టుకున్నారు. ఒకడు విమానం చేశాడు. ప్రతి ఊళ్ళో ఒకడు ఉంటాడేమో.

ఆట పెట్టెలోకి వచ్చింది పిన్నీ. మీ మూడు జతల బొమ్మలతో, సోమమ్మ ముక్కుతో సహా. నాలుగో జత కూడా ఒకటి కావాలంటున్నారు సార్, చెట్టు కింద ఊడ్చే బొమ్మ. అది నియమం కాదు కదా అన్నాను. "నియమం కంటే ముఖ్యం" అన్నారు. ఆయన పద్నాలుగు నియమాల కాగితం ఏమైందని అడిగాను. కిటికీ వైపు చూపించారు. అది బాగానే ఎగిరింది.

నోటుబుక్ తిరిగి పంపుతున్నాను. ఒక్క సంగతి అడగాలి. చివరి పేజీలో చెట్లు మాత్రమే ఉన్నాయి. వెనక బుట్టలు లేవు, పిట్టలూ గీయలేదు. తను అక్కడ ఆగిపోయినట్టుంది. ఆ పేజీ వదిలేయమంటారా?

మీ అనుపమ


మద్దేడ్,
ఏప్రిల్ 24

అనుపమా, బిడ్డా,

చివరి పేజీ వదిలేయొద్దు. అది పూర్తి చేసి పొద్దుటి బస్సులో పంపాం, ఈ ఉత్తరం పోస్టులో వస్తుంది.

నీ ఉత్తరం, నోటుబుక్ అందిన రోజు నుంచి ఆ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది చెట్లు గీసి వదిలేసింది. మొదట్లో చూడలేకపోయాను. తర్వాత అనిపించింది, మిగతా పేజీలన్నీ అది చేసి పెట్టింది, మనం విప్పాం. ఇది ఒక్కటీ మనల్ని చేయమని వదిలింది. అట్లా అనుకుంటే చెయ్యి ఆడింది. నేల నల్ల చేశాను. చెట్టుకో బుట్ట పెట్టుకుంటూ పోయాను. ఆరు చెట్ల దాకా బాగానే వచ్చింది, ఏడో బుట్ట కూడా పెట్టాను.

వెనక నుంచి మీ బాబాయి గొంతు, "ఆ రెండూ మూలన తగులుతున్నయి."

తిరిగి చూశాను. చేతిలో తూకం రాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీకెవరు చెప్పారు తగలకూడదని?"

"ఎవరు చెప్పాల? బొమ్మలో సోమమ్మ కొట్లాడుతుంటే కనబడ్తలేదా?"

ఇన్ని రోజులూ అటు తిరిగి కూర్చున్న మనిషి అంతా చూసి నేర్చుకున్నారన్నమాట. ఇంటూ లేదు, మాట లేదు. నేను ఒక్క ముక్క చెప్పలేదు. మీ పరీక్షలో ఇరవై ఒక్క మంది నెగ్గారన్నావు, ఇరవై రెండు అని రాసుకో. పక్కన కూర్చుని, నా చేతిలో రబ్బరు తీసుకుని ఆ బుట్ట చెరిపారు. ఏడోదీ ఎనిమిదోదీ ఇద్దరం కలిసి పెట్టాం. అరగంట పట్టింది, నాలుగుసార్లు గొడవపడ్డాం. రెండేళ్ళలో మేం ఇంతసేపు మాట్లాడుకోలేదు. బుట్టలన్నీ కుదిరాక వరుసకెన్నో లెక్కపెట్టి చివర్లలో పిట్టలు నేను గీశాను. నా పిట్టలు కొంచెం లావుగా వచ్చాయి, దాని పిట్టల్లా సన్నగా లేవు. మార్చొద్దు. దీనికి జవాబు ఒకటే వస్తుందో లేదో సార్‌ను చూడమను. రెండొస్తే నాకు రాయి, ఒక పిట్టను ఇటు జరుపుతాను. నాలుగో జత కూడా పెట్టాను, సోమమ్మ చీపురుతో. ఈసారి ముక్కు గురించి ఏమీ అనలేదు.

పొద్దున్న ఆ పేజీ పెట్టిన కవరు బస్సు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళారు. నేను అరుగు మీద నుంచి చూస్తున్నాను. కండక్టరు ఎప్పటిలాగే అడిగాడు, "ఏముంది సేఠ్ ఇందులో?"

ఉప్పు తూచడానికి అక్కడ ఉప్పు లేదు, త్రాసు లేదు. ఆయన కవరు వైపు చూశారు. తర్వాత అన్నారు, "మా భానుశ్రీ చేసిన ఆట. నలభై బడులకు పోతుంది. మడత పడకుండ చూడు."

భానుశ్రీ అన్నారు అనుపమా. అంత దూరం నుంచి నాకు వినబడింది.

కండక్టరు ఏం ఆట అన్నాడు. కిటికీలో ఉన్నవాళ్ళు ఇద్దరు తలలు బయటపెట్టారు. మా భానుశ్రీ ఉసూర్‌లో పాఠాలు చెప్పేది, మా భానుశ్రీ ఇట్లా గీసేది అని ఈయన చెబుతూనే ఉన్నారు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆట ఎట్లా ఆడాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కవరు తెరిచి బొమ్మ చూపించారు.

మీరూ అట్లాగే చేయండి. పెట్టె తెరిచిన పిల్లలకు ఆట గురించి ఒక్క మాట చెప్పొద్దు. కానీ ఎవరు చేశారని ఏ పిల్లయినా అడిగితే దానికి బొమ్మ చూపించొద్దు. నోరు తెరిచి పేరు చెప్పండి.

పిన్ని